మెట్ల మీద రాసిన మాట

మూడో అంతస్తులో ఎడమ చేతివైపు తలుపు తట్టగానే తెరుచుకునేది. కుర్రాడికి నచ్చనిది అదే.

అతనికి పంతొమ్మిదేళ్ళు. మార్మన్ మతప్రచారం కోసం రెండేళ్ళ గడువు మీద సొంత దేశం వదిలి వచ్చి అయిదు నెలలైంది. తెల్ల చొక్కా, నల్ల టై, జేబు మీద పేరున్న చిన్న నల్ల బిళ్ళ. పేరుకు ముందు 'ఎల్డర్' అని ఉంటుంది, అంటే పెద్ద అని. మీసం సరిగ్గా మొలవని పెద్ద. ఎక్కడికెళ్ళినా పక్కన ఇంకొకడుండాలి, ఒంటరిగా గడప దాటకూడదన్నది వాళ్ళ నియమం. ఆ ఇంకొకడు ఇతనికంటే ఏడాది పెద్ద, గుమ్మం దగ్గర తల వంచుకుని నడిచేంత ఎత్తు. వీధిలో అందరూ అతన్ని పొడుగోడు అనేవారు.

అయిదు నెలల్లో కుర్రాడు ఈ దేశపు భాష కంటే ముందు తలుపుల భాష నేర్చుకున్నాడు. తట్టగానే లోపల టీవీ గొంతు తగ్గితే మనిషి ఉన్నట్టు, తెరవనట్టు. తలుపు కంతలో వెలుతురు పోయిందంటే అవతల ఎవరో కన్ను పెట్టినట్టు. గొలుసు తీయకుండా నాలుగు వేళ్ళ సందులోంచి "మాకేం వద్దండీ" అన్నవాళ్ళు మర్యాదస్తులు. ఒకావిడైతే వీళ్ళని చూసి పల్లెత్తు మాట అనకుండా తీగ మీద ఆరేసిన బట్టలన్నీ తడితడిగానే తీసుకుని లోపలికి పోయింది. కింద వాచ్‌మన్ రోజూ సంచి తెరిపించి, పుస్తకాలు అటూ ఇటూ తిప్పి, "నిన్నటివేగా ఇవి?" అనేవాడు.

అలాంటి బిల్డింగులో ఒక మనిషి పిలిచి మరీ కుర్చీ వేస్తున్నాడంటే దాని వెనక ఏదో ఉండి తీరాలని కుర్రాడి లెక్క.

ఆ మనిషిని బిల్డింగంతా మీటరాయన అంటారు. ముప్పై ఏళ్ళు ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసి రాసుకున్న ఉద్యోగం. రిటైరై చాలాకాలమైనా చెవి మీద పెన్సిలు, చొక్కా జేబులో అరచేతిలో పట్టే నోటుపుస్తకం అలాగే ఉండిపోయాయి. ప్రతి మంగళవారం నాలుగింటికి వీళ్ళు వెళ్ళేవారు. ఆయన ఎదురుగా కూర్చుని, నొప్పి మోకాలు చాపుకుని, చెప్పిందంతా వినేవాడు.

"మీ మతంలో టీ తాగరు, కాఫీ తాగరు. మరి ఒళ్ళు మండినప్పుడు ఏం చేస్తారు నాయనా?" అన్నాడు మొదటి రోజు.

"ప్రార్థన చేస్తాం తాతగారూ," అన్నాడు పొడుగోడు.

"చల్లారుతుందా?"

"ఒక్కోసారి."

మీటరాయన నవ్వి, నోటుపుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. తర్వాత ప్రశ్నలు. మీ గదిలో ఎంతమంది? మిమ్మల్ని పంపిందెవరు? ఈ బిల్డింగులో ఇంకా ఎవరెవరింటికి వెళ్ళారు? వెళ్తే ఎంతసేపు కూర్చున్నారు? దేవుడి గురించి ఒక ప్రశ్న అడిగితే వీళ్ళ గురించి నాలుగు అడిగేవాడు.

"ఈయన మనల్ని ఆరా తీస్తున్నాడు," అన్నాడు కుర్రాడు గదికొచ్చాక.

"అడిగేవాళ్ళు దొరకడమే గొప్ప. నీకు తెరిస్తే అనుమానం, మూస్తే దిగులు. నీతో ఎలాగయ్యా?" అన్నాడు పొడుగోడు.

నాలుగో మంగళవారం కుర్రాడు గొడుగు మరిచిపోయాడు. గేటు దాకా వెళ్ళి ఇద్దరూ వెనక్కి వచ్చారు. రెండో అంతస్తు మలుపు తిరగబోతుంటే పైనుంచి గొంతులు వినిపించాయి. మీటరాయన గుమ్మంలో బిల్డింగు కమిటీ సెక్రటరీ నిలబడి ఉన్నాడు. చేతిలో ఆ చిన్న నోటుపుస్తకం.

సెక్రటరీ పైకే చదువుతున్నాడు. "నాలుగు గంటల రెండు నిమిషాలకు వచ్చారు. అయిదుకు పోయారు. అంతకుముందు రెండో అంతస్తు టైలరమ్మ ఇంట్లో ఇరవై నిమిషాలు... బాగా రాశారండీ. ఇంకో రెండు వారాలు చూడండి."

కుర్రాడు పొడుగోడి చొక్కా పట్టుకుని కిందికి లాగాడు. వానలో తడుస్తూ నడిచారు. తన అనుమానం నిజమైనందుకు కుర్రాడికి మొదట సంతోషమేసింది. ఆ సంతోషం చూసుకుని తర్వాత కాస్త అసహ్యమేసింది.

"ఇంక ఆ గుమ్మం తొక్కను," అన్నాడు.

"మొహం చాటేస్తే నిజంగానే దొంగలమనుకుంటారు. వెళ్దాం. అడిగేద్దాం," అన్నాడు పొడుగోడు.

మళ్ళీ మంగళవారం. మీటరాయన గొడుగు మడిచి తలుపు పక్కనే పెట్టి ఉంచాడు. కుర్రాడు కూర్చోలేదు.

"తాతగారూ, మా గురించి ఏం రాస్తున్నారు?"

ఆయన తడబడతాడనుకున్నాడు. ఆయన జేబులోంచి పుస్తకం తీసి టేబుల్ మీద పెట్టాడు.

"చూసుకో. వచ్చిన టైము, పోయిన టైము, ఎవరింటికెళ్ళారో అది. సెక్రటరీ అడిగాడు. ఈ ఇద్దరూ ఎవరో, ఎందుకొస్తున్నారో కనిపెట్టండి, మీకు రాసే అలవాటుంది కదా అన్నాడు. సరే అన్నాను."

"అంటే మా మాటలు వినడానికి కాదన్నమాట మమ్మల్ని పిలిచింది."

"మొదట కాదు. తర్వాత వింటూనే ఉన్నాను. రెండూ చెయ్యలేనా?" మీటరాయన మోకాలు రుద్దుకున్నాడు. "సరే, నాది చూశావుగా. ఇప్పుడు నీ సంచిలో ఉన్నది తియ్యి."

"ఏది?"

"మెట్ల మీద ఆగి రాస్తారు చూడు, ఆ పుస్తకం. ప్రతి వారం మా ఇంట్లోంచి బయటపడగానే ఆరు మెట్లు దిగి రాసుకుంటారు. తలుపు కంతలోంచి బాగానే కనబడుతుంది. ముప్పై ఏళ్ళు నేనూ మెట్ల మీద నిలబడి రాసినవాణ్ణే నాయనా, ఎదుటివాడు ఏం చేస్తున్నాడో నాకు తెలీదా?"

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. అది వాళ్ళ పనిపుస్తకం. ఎవరికి ఎంతవరకు చెప్పారో రాసి ఉంచితే, రేపు వీళ్ళని వేరే ఊరికి మార్చినా తర్వాత వచ్చే జంట అక్కణ్ణుంచి అందుకుంటుంది.

"అది బయటివాళ్ళకి చూపించేది కాదండీ," అన్నాడు పొడుగోడు.

"నేను బయటివాణ్ణా? అందులో ఉన్నది నేనేగా."

కుర్రాడు పుస్తకం తీశాడు. పొడుగోడు వద్దన్నట్టు చూసినా పేజీ తెరిచాడు. రాసింది తనే. తన రాత తనకే ఎవరిదోలా అనిపించింది. చదవడం మొదలుపెట్టాడు.

"భార్య పోయి నాలుగేళ్ళు. మోకాలి నొప్పి. ఒంటరి." ఆగాడు.

"చదువు."

"కూతురితో మాటల్లేవు. పెళ్ళి దగ్గర గొడవ. భార్య మాటెత్తితే మెత్తబడతాడు. వచ్చేవారం కుటుంబం గురించి పాఠం చెప్పాలి."

మీటరాయన తన నోటుపుస్తకం దగ్గరికి లాక్కున్నాడు.

"కూతురి సంగతి నేను మీకు చెప్పలేదే," అన్నాడు.

పొడుగోడు కుర్రాడి వైపు తిరిగాడు. అతనికీ అది తెలీదు.

"టైలరమ్మని అడిగాను," అన్నాడు కుర్రాడు. ఆ రోజు పొడుగోడు టైలరమ్మ పిల్లలకి బొమ్మల పుస్తకం చూపిస్తుంటే, తను కుట్టు మిషను దగ్గర నిలబడి మాటల్లో మాటగా కూపీ లాగాడు. మీటరాయన మీద అనుమానంతోనే అడిగాడు. తీరా దొరికింది పనికొచ్చేలా ఉందని రాసుకున్నాడు.

"నేను మీరొచ్చిన టైము రాశాను," అన్నాడు మీటరాయన. ఆయన గొంతు పెరగలేదు. "గడప బయట కనిపించేదే రాశాను. మీటరు ఎప్పుడూ బయటే ఉంటుంది. లోపల ఎవరు ఏడుస్తున్నారో, ఎవరు మాట్లాడుకోవట్లేదో ఏనాడూ రాయలేదు. వెళ్ళండి ఇంక."

పొడుగోడు దారి పొడుగునా రెండడుగులు ముందే నడిచాడు. గదికి చేరాక మాత్రం, "ఆయన్ని అనుమానించావు సరే, నాకు కూడా చెప్పకుండా చేశావు," అన్నాడు. ఆ వారమంతా ఇద్దరూ ఒకే గదిలో తింటూ, పడుకుంటూ, ఒకరి మాట ఒకరు తూకం వేసుకుంటూ గడిపారు. కుర్రాడు ఇక్కడి ప్రచారకులందరి మీదా అధికారి అయిన మిషన్ పెద్దకి ప్రతి వారం రాసే ఉత్తరంలో ఈ సంగతంతా దాచకుండా రాశాడు. పొడుగోడు తన ఉత్తరంలో ఏం రాశాడో అడగాలని నోటిదాకా వచ్చినా మింగేశాడు.

మళ్ళీ మంగళవారం రాగానే, "ఒక్కసారి నాతో రా. పాఠం చెప్పడానికి కాదు," అన్నాడు కుర్రాడు. పొడుగోడు వచ్చాడు.

కింద కొత్తగా నోటీసు అంటించి ఉంది. మతప్రచారం కోసం ఎవరూ తలుపులు తట్టకూడదని కమిటీ తీర్మానం. కింద అయిదు సంతకాలు, మూడోది మీటరాయనది. వాచ్‌మన్ దాన్ని వేలితో చూపించాడు. "అయిదు నిమిషాలు," అని కుర్రాడు బతిమాలాడు. వాచ్‌మన్ గడియారం చూసుకుని, వాళ్ళ వెంటే మూడో అంతస్తు దాకా ఎక్కాడు.

ఈసారి తలుపు గొలుసు వేసే తెరుచుకుంది. ఆ సందులోంచి కుర్రాడు మడత కాగితం అందించాడు.

"ఆ పేజీ తాతగారూ. చింపేశాను. అలా అడిగి ఉండకూడదు, రాసి ఉండకూడదు. తప్పు నాదే, ఇతనిది కాదు."

మీటరాయన కాగితం విప్పి, కళ్ళజోడు పైకి జరిపి చదివాడు. "నాలుగేళ్ళు కాదు, అయిదు," అన్నాడు. తర్వాత, "దీని నకలు ఉందా?"

"లేదండీ."

"లేదని నేనెలా నమ్మాలి?"

ఒట్టు వేయొచ్చు. కానీ ఆ ఒట్టును మాత్రం ఎందుకు నమ్మాలి?

"నమ్మక్కర్లేదండీ," అన్నాడు కుర్రాడు.

మీటరాయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "టైలరమ్మని ఏమీ అనకు. అడిగితే చెప్పే మనిషి. తప్పు అడిగినవాడిది," అని తలుపు మూశాడు. గడియ పడింది.

వాళ్ళు మళ్ళీ ఆ బిల్డింగుకి వెళ్ళలేదు. నెల తిరక్కుండా పొడుగోడికి వేరే ఊరు వచ్చింది. వెళ్ళేముందు కరచాలనం గట్టిగానే చేశాడు. కొత్తగా వచ్చినవాడు మాటకారి, బూట్లు రోజుకి రెండుసార్లు తుడిచేవాడు. పాత పనిపుస్తకం తిరగేసి, "ఇక్కడ ఒక పేజీ చిరిగిందేం?" అని అడిగాడు. "నేనే చింపాను," అన్నాడు కుర్రాడు. కొత్తవాడు ఇంకా ఏదైనా చెబుతాడేమోనని చూశాడు. కుర్రాడు తర్వాతి పేజీ తిప్పాడు.

ఒకరోజు మధ్యాహ్నం ఇద్దరూ సబ్బులు కొనుక్కుని వస్తుంటే బస్టాపులో మీటరాయన కనిపించాడు. పక్కన నలభై ఏళ్ళావిడ ఆయన చేతిసంచి పట్టుకుని నిలబడి ఉంది. కూతురో, మేనకోడలో, ఆసుపత్రికి తోడొచ్చిన పక్కింటావిడో తెలీదు. మీటరాయన కుర్రాణ్ణి గుర్తుపట్టాడు. తల ఊపలేదు, మొహం తిప్పుకోనూ లేదు. ఆవిడ వైపు వంగి చెవిలో రెండు ముక్కలు చెప్పాడు. ఆవిడ తిరిగి కుర్రాణ్ణి బూట్ల నుంచి తల దాకా నిదానంగా చూసింది.

"ఎవరు వాళ్ళు? ఏమన్నాడు నీ గురించి?" అన్నాడు కొత్తవాడు.

"తెలీదు," అన్నాడు కుర్రాడు.

బస్సు వచ్చింది. ఆవిడ ఆయన మోచెయ్యి పట్టుకుని మెట్టు ఎక్కించింది. కొత్తవాడు ఇంకా అటే చూస్తున్నాడు. కుర్రాడు సబ్బుల సంచి చెయ్యి మార్చుకుని ముందుకు నడిచాడు.