తువ్వాలు కింద ఊళ్ళు

మద్దిలేటి బస్సు ఆపిన మూడో రోజు ఊరు నడుచుకుంటూ వచ్చి బస్సు పక్కన నిలబడుతుంది.

ఆ మైదానంలో ఏ ఊరైనా అలాగే వస్తుంది. ముందు దుమ్ము లేస్తుంది. తర్వాత నీళ్ళ ట్యాంకు, ఆ వెనక మిద్దెలు కనిపిస్తాయి. ఊరు ఆయాసపడుతూ ఆగుతుంది. కరెంటు తీగలు కాసేపు ఊగి కుదురుకుంటాయి. మద్దిలేటి కుర్చీలోంచి లేచి, పంచె ఎగ్గట్టి, ఊరి చుట్టూ ఒకసారి తిరిగి వస్తాడు.

ఆయన నలభై రెండేళ్ళు పశువుల సంతల్లో దళారి. ఎద్దును చూసి దాని వయసూ, కోపమూ, ఎన్నో సాలులో చతికిలబడుతుందో చెప్పేవాడు. మోకాళ్ళు మొరాయించాక పని మానేసి పాత బస్సొకటి తీసుకున్నాడు. లోపల మంచం, పొయ్యి, నీళ్ళ డ్రమ్ము బిగించాడు. ఇక నిదానంగా, ఊరి తర్వాత ఊరు చూసుకుంటూ బతికినన్నాళ్ళూ తిరగాలని ఆయన కోరిక.

ఆయన భార్య సుంకులమ్మ కోరిక వేరు. ఆయన సంతలు తిరిగినన్నాళ్ళూ ఆమె ఇంట్లోనే ఉంది. బస్సెక్కే ముందే ఒక మాట చెప్పింది.

"నాకు నచ్చిన ఊర్లో నేను దిగిపోతా. మళ్ళీ ఎక్కేది లేదు."

"దిగుదువులే," అన్నాడు మద్దిలేటి. దిగనివ్వకూడదని అప్పుడే అనుకున్నాడు. ఒంటెద్దుతో జోడెడ్ల బండి తోలినవాణ్ణి ఆయన ఎక్కడా చూడలేదు.

ఇప్పుడు వచ్చిన ఊరి పేరు గుండ్లవంక. మద్దిలేటి బడి ప్రహరీని ఎద్దు కిందిపెదవి లాగినట్టు లాగి చూస్తాడు. రాళ్ళు నాలుగు ఊడిపోయాయి, మిగిలినవి అరిగాయి. బాగా ముదురు ఊరు. వెనకవైపు కుంటుతోంది కూడా.

ఊరి తరఫున ఒక ముసలాయన భుజాన తువ్వాలుతో వస్తాడు. ఇద్దరూ ఎదురెదురుగా గొంతుక్కూర్చుంటారు. తువ్వాలు చేతుల మీద పడుతుంది.

సంతలో బేరం నోటితో సాగదు. తువ్వాలు కింద వేళ్ళు మాట్లాడుకుంటాయి. నోటికి వేరే పని ఉంటుంది. కొనేవాడి నోరు తిడుతుంది, అమ్మేవాడి నోరు పొగుడుతుంది. ఎవడు ఎంత ఆశపడితే వాడి నోరు అంత చెడ్డగా ఉంటుంది. వేలు ఒకసారి నొక్కితే అయిపోయినట్టే. నొక్కిన వేలు వెనక్కి తీసుకున్నవాడికి ఏ సంతలోనూ మంచినీళ్ళు పుట్టవు.

"ఏముండాదయ్యా మీ ఊర్లో," అంటాడు మద్దిలేటి. "గోడలకు పండ్లు లేవు. రోడ్డుకు వెన్ను లేదు. ఇంత దూరం ఎట్ల నడిసొచ్చిందో ఏమో."

"మా యాపచెట్టు నీడ సూడు సామీ. పొద్దు యెట్ల తిరిగినా నీడ తిరగదు. పొద్దుటేల మంచమేస్తే మాపటికి లాగే పని లేదు."

వేళ్ళు మూడు రోజుల నీడ ఇస్తామంటాయి. బదులుగా ఉప్పు తెలిసే నాలుక ఒకటి అడుగుతాయి. గుండ్లవంకలో ఎవరికీ ఉప్పు తెలియదట. పెళ్ళిళ్ళలో వంట చెడుతోందట.

మద్దిలేటి దగ్గర రెండు నాలుకలున్నాయి. ఆయనది తినడానికి కావాలి. సుంకులమ్మది వండేటప్పుడు చూసుకోవడానికే కదా, చూడటం ఆయనకూ వచ్చు. నొక్కుతాడు.

మధ్యాహ్నం సుంకులమ్మ పులుసు చేతిలో వేసుకుని నాకి, గరిటె కింద పెడుతుంది.

"నా ఉప్పు యాడికి పోయింది?"

"గుండ్లవంకకు."

"నన్నొక మాట అడగలేదే."

"అడిగుంటే నీ మొగం సూసి వాళ్ళు ధర పెంచుతారు. బేరమప్పుడు గొడ్డును దూరంగా కడ్తారు, తెల్దా?"

ఆయన వేపనీడలో కాళ్ళు చాపుకుని మూడు పూటలా నిద్రపోతాడు. డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు కాబట్టి రెండు వైపులా లాభమే. నాలుగో రోజు ఉదయం ఊరు లేచి కుంటుకుంటూ వెళ్ళిపోతుంది. వేపచెట్టు అందరికంటే వెనక నడుస్తుంది.

రెండో ఊరు రేకులకుంట. చిన్నది, రెండు పళ్ళు వేసిన కోడెలా బెదురుతూ వస్తుంది. దాని బావిలో నీళ్ళు కొబ్బరినీళ్ళలా ఉంటాయి. కానీ ఊరు తేలిక. గాలి గట్టిగా వీస్తే ఇళ్ళు మూలలు లేచి కొట్టుకుంటాయి. వాళ్ళకు బరువు కావాలి.

మద్దిలేటి బావిని తిడతాడు, ఊరివాళ్ళు బావిని పొగుడుతారు. తువ్వాలు తీసేసరికి డ్రమ్ము నిండుతుంది. సుంకులమ్మ మంచం మీంచి నెమ్మదిగా గాలిలోకి లేచి బస్సు కప్పుకు వీపు ఆనించి ఆగుతుంది.

ఆయన ఆమెను బయటికి లాగి, చీలమండకు పగ్గం కట్టి, రెండో కొస బస్సు వెనక కొక్కేనికి ముడివేస్తాడు. ముడి ఆయన చేతిది, ఎద్దు కూడా తెంపలేదు. ఆమె బస్సు పైన, ఆరేసిన చీరలా, గాలి ఎటు వీస్తే అటు ఆడుతూ ఉంటుంది. డీజిలు కూడా కలిసొస్తోందని ఆయన గమనిస్తాడు. అన్నం ముద్దలు గడకర్రకు గుచ్చి అందిస్తాడు. ఆ మాత్రం చేసే మొగుళ్ళు ఎందరున్నారు?

"ఈడికి అంతా కనపడతాండాది," అంటుంది ఆమె పైనుంచి. "నీ నెత్తిన రెండు సుడులుండాయి."

"ఎద్దుకైతే తప్పు. మనిషికి ఉంటే ఏం కాదులే."

"యో, ఒకటి అడగనా? పెండ్లిచూపులకొచ్చిన దినం మా నాయన ముందర నన్ను అంత మాటలంటివి గదా. నలుపనీ, ముందరి పన్ను వంకరనీ, నడిస్తే బాతనీ. మా యమ్మ మూడు దినాలు ఏడ్సింది. ఏంటికి అంటివి?"

"కొనాలనుకున్నా గనక."

"మరి ఆ తర్వాత గూడ అంటానే ఉండావే."

మద్దిలేటి టైర్లలో గాలి చూడటానికి వంగుతాడు.

"ఇంగా కొంటానే ఉండావా," అంటుంది ఆమె. గాలి వచ్చి ఆమెను బస్సు అటువైపుకు తిప్పేస్తుంది.

మూడో ఊరు తెల్లబండ్ల. దాన్ని ముందు చూసేది ఆమే, ఒక రోజు ముందుగా. దుమ్ము లేపకుండా వస్తుంది. గోడలన్నీ సరిసమానం, ఒక్క రాయి కదల్లేదు. మద్దిలేటి చుట్టూ తిరిగి చూస్తాడు. పెదవి లాగి చూస్తాడు. వెన్ను నిమిరి చూస్తాడు. నలభై రెండేళ్ళలో ఇంత మంచి సరుకు ఆయన చూడలేదు.

మొదటి అరుగు మీద ఆడవాళ్ళు వేరుశనక్కాయలు ఒలుస్తున్నారు. పైనున్న సుంకులమ్మను చూసి, ఏమీ అనకుండా, ఒకామె పక్కకు జరుగుతుంది. అరుగు మీద సరిగ్గా ఒక మనిషి పట్టేంత చోటు అవుతుంది.

"ఈ ఊరే," అంటుంది సుంకులమ్మ. "పగ్గం ఇప్పు."

ఆయన విప్పడు.

తెల్లబండ్ల తరఫున తువ్వాలు వేసుకుని వచ్చినామె పేరు బాలమద్దమ్మ. నడివయసు, చేతులు పెద్దవి. ఎదురుగా కూర్చుంటుంది.

"మా ఊర్లో ఒక మనిషి తక్కువుంది అన్నా. ఆ పైనామె సరిపోతాది. ఏం కావాలో సెప్పు."

మద్దిలేటి చెయ్యి తువ్వాలు కిందికి పోతుంది. సుంకులమ్మను పోనివ్వకూడదు, అదొక్కటే ఆయనకు తెలుసు. పోనివ్వకూడదనుకున్నదాని గురించి ఏం మాట్లాడాలో ఆయన నోటికి తెలుసు.

"ఆయమ్మా? ఏం పనికొస్తాది? ఉప్పు తెలీదు. బరువు లేదు, గాలొస్తే మీ ట్యాంకు మీద పడతాది. నలుపు. పన్ను వంకర. ఒక బిడ్డను కనింది, దాన్నీ నిలబెట్టుకోలేదు. ఇల్లు దాటి లోకం ఎరగదు. ఎవరైనా ఊరికే ఇచ్చినా నేనైతే తోలుకుపోను."

ఆయన ఆగకుండా చెబుతూనే ఉంటాడు. మంచి బేరమని ఆయనకు తెలుస్తోంది. పైన పగ్గం కదలదు.

బాలమద్దమ్మ అంతా విని తల ఊపుతుంది.

"అన్నా, తిట్టేది కొనేటోడు. ఇంతగా తిడతాండావంటే ఆయమ్మ ఇంకా నీది కాలేదన్నమాట. నీది కానిది నువ్వు అమ్మలేవు, ఆపనూలేవు. మరి నేను ఎవరితో మాట్లాడాల?"

ఇందులో తప్పు ఎక్కడుందో మద్దిలేటి వెతుకుతాడు. తప్పు లేదు.

"నాతో మాట్లాడు," అంటుంది సుంకులమ్మ.

పగ్గం పట్టుకుని, చేయి మీద చేయి వేసుకుంటూ, తలకిందులుగా కిందికి దిగివస్తుంది. మద్దిలేటి చేతిని తువ్వాలు కిందనుంచి తీసి పక్కన పెడుతుంది. తన చెయ్యి పెడుతుంది. కాళ్ళు మాత్రం ఇంకా ఆకాశంలోనే ఉన్నాయి.

"ఈయన్ను సూడు," అంటుంది. "అరవై ఆరేండ్లు. ఇంగా అడుగు తడబడడు."

మద్దిలేటి వింటాడు.

"ఎండకు సోలడు. ఆకలైతే అరవడు. సెప్పులు ఇడిస్తే గూడ వరసగా ఇడుస్తాడు. నా మింద ఒక్కసారి గూడ సెయ్యెత్తలేదు. బిడ్డ పోయిన దినం సంతకు పోకుండా పశువుల పాకలో కూసున్న్యాడు, ఎవరికీ తెలీదనుకుంటాడు. ఇట్లాంటి మనిషి మా దిక్కున దొరకడు."

నలభై ఏళ్ళలో ఆమె ఆయన గురించి ఒక మంచి మాట అనడం ఇదే మొదలు. ఆయన ఛాతీ పొంగుతుంది. కళ్ళు చెమ్మగిల్లుతాయి. ఇంకో మాట వస్తే బాగుండునని ముందుకు వంగుతాడు. వస్తుంది. ఆ తర్వాత ఇంకొకటి. అప్పుడు ఆయన చూపు తువ్వాలు మీద పడుతుంది.

"సుంకులూ," అంటాడు. "నన్నొక్క మాట తిట్టు."

"నీలో తిట్టేదానికి ఏముండాదయ్యా," అంటుంది ఆమె, చాలా మెత్తగా.

తువ్వాలు లేస్తుంది. ఆయనకు బదులుగా దొరికిన బరువుతో ఆమె పాదాలు కిందికి వచ్చి నేలను తాకుతాయి, రెండు చోట్లా మట్టి కొద్దిగా నొక్కుకుంటుంది. ఆమె వంగి చీలమండ ముడి తానే విప్పుకుంటుంది. అది విప్పడం ఆమెకు మొదటినుంచీ తెలుసని ఆయనకు అర్థమవుతుంది.

తెల్లబండ్లలో ఇళ్ళు సరిపోయినన్ని ఉన్నాయి. ఒక వీధి తక్కువైంది. మద్దిలేటిని మొదటి అరుగు ముందు వెల్లకిలా పడుకోబెడతారు. ఆయన ఎదురు చెప్పడు. బేరం కుదిరాక గొడవపడటం ఆయన ఎరగడు. నలుగురు తలవైపు, నలుగురు కాళ్ళవైపు పట్టి లాగుతారు. ఆయన సాగుతాడు. భుజాల వెడల్పున రెండు బండ్లు ఎదురెదురుగా పట్టేదాకా, పొడవు ఇరవై ఇళ్ళు వచ్చేదాకా సాగుతాడు. పక్కటెముకలకు గడపలు బిగిస్తారు. వడ్రంగి మంచి పనివాడు, మేకు వంకర పోదు.

ఊరు నడవడం మొదలుపెడుతుంది. ఇప్పుడు ఆయన కూడా నిదానంగా, ఏ పనీ లేకుండా, మైదానమంతా తిరుగుతున్నాడు.

సుంకులమ్మ అరుగు మీది ఖాళీ చోట్లో కూర్చుంటుంది. ఏ ఊరివాళ్ళు వచ్చినా వీధిని పొగుడుతుంది. ఇంత చల్లని వీధి లేదంటుంది. ఎంత తొక్కినా నలగదంటుంది. పొగిడిన ప్రతిసారీ ఆయన ఇరవై ఇళ్ళ పొడవునా వణుకుతాడు. గడపల్లో నిలబెట్టిన బిందెలు తొణుకుతాయి.

ఒక ఉదయం ఆమె చీర కుచ్చిళ్ళు దోపి, ఆయన ఛాతీ మీద కళ్ళాపి చల్లుతుంది. ముగ్గుపిండి తెచ్చి గీత మొదలుపెడుతుంది. గీత గడ్డం మీదుగా, ఎడమ కన్ను మీదుగా పోతుంది. ఆయన రెప్ప వేయడు, వేస్తే గీత చెడుతుంది. గీత ఊరు దాటుతుంది. సుంకులమ్మ వెనక్కి చూడకుండా, వంచిన నడుం ఎత్తకుండా, వేళ్ళ సందుల్లోంచి పిండి జార్చుకుంటూ మైదానంలోకి వెళుతుంది.

ఆ చివర, నేల మీద పొట్టతో పాకుతూ, ఒక్క వీధి కూడా లేని ఊరొకటి వస్తోంది. అది తెల్లటి గీత కొసను పెదాలతో అందుకుని, తెగిపోకుండా, జాగ్రత్తగా, కొద్దికొద్దిగా లోపలికి పీల్చుకుంటోంది.