రెండు దారులు, ఒక వంటిల్లు

జనార్ధనరావుకు రెండంటే మహా ఇష్టం. రెండు ఫోన్లు, రెండు కళ్ళజోళ్ళు, కారులో రెండు గొడుగులు. అలాంటి మనిషి నెదర్లాండ్స్‌లో కట్టబోయే డేటా సెంటర్‌కు రెండు ఫైబర్ లైన్లుంటే చాలు, ఒకటి తెగినా రెండోది ఆదుకుంటుంది అన్నాడంటే వింతేముంది?

వింతల్లా ఏమిటంటే, ఆ రెండు లైన్లూ ఒకే వంతెన మీద, ఒకే గొట్టంలో నది దాటుతున్నాయి. ఆక్లాండ్ ఆఫీసులో ఆయన కింద పనిచేసే అలేఖ్య ఆ సంగతి పట్టుకుంది. ప్లాన్ మీద సంతకం పెట్టాల్సింది ఆమే. రేపు ఆ గొట్టానికి ఏదైనా అయితే డేటా సెంటర్ మూగబోతుంది, ఆమె ఉద్యోగం ఊడుతుంది.

"సర్, వంతెన ఒకటే సర్" అంది.

"రెండు కంపెనీలు, రెండు పేర్లు, రెండు కాంట్రాక్టులు. ఇంకేం కావాలమ్మా? నది కింద తవ్వాలంటే క్లయింట్ ఒప్పుకోరు. సోమవారం సైన్ చేసెయ్."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. అలేఖ్యకు ఒళ్ళు మండింది.

నెదర్లాండ్స్ నుంచి క్లయింట్ తరఫున వచ్చిన యోహానాకు ఆ శనివారం బోటనీ డౌన్స్‌లో తన ఇంట్లో లంచ్ ఇస్తున్నాడాయన. ఏర్పాట్లు అలేఖ్యకే అప్పగించాడు. "రెండు చోట్ల ఆర్డర్ ఇవ్వు. ఒకళ్ళు ఎగ్గొట్టినా ఇంకొకళ్ళుంటారు."

అలేఖ్య నవ్వు ఆపుకుని అలాగే ఇచ్చింది. ఆ రెండు కేటరింగులకూ వండేది ఆక్లాండ్‌కి అవతలి కొసన న్యూ లిన్‌లో ఉండే కామేశ్వరమ్మ ఒక్కతేనని మాత్రం చెప్పలేదు. పైగా ఆవిడకు ఫోన్ చేసి, "ఆంటీ, వండి కారులో పెట్టుకోండి. నేను చెప్పేదాకా కదలొద్దు" అంది.

"ఇదేం చోద్యమే!" అంటూనే ఒప్పుకుందావిడ.

శనివారం యోహానా వచ్చి కూర్చుంది. మంచినీళ్ళు తాగింది, మళ్ళీ తాగింది. భోజనం జాడ లేదు. జనార్ధనరావు మొదటి కేటరింగుకు ఫోన్ చేస్తే, కామేశ్వరమ్మ ఇంకా బయల్దేరలేదన్నారు. రెండో దానికి చేస్తే అక్కడా అదే కామేశ్వరమ్మ!

"ఎవరీ కామేశ్వరమ్మ? రెండు కంపెనీలు, రెండు పేర్లు..." అని అరవబోయి నాలుక కరుచుకున్నాడు.

"వంటిల్లు ఒకటే సర్" అంది అలేఖ్య నంగనాచిలా.

ఆయన మొహంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. "అయితే ఆ వంతెన..."

హమ్మయ్య, మందు పనిచేసింది! అలేఖ్య వంటింట్లోకి పరిగెత్తి ఫోన్ చేసింది. "ఆంటీ, బయల్దేరండి!"

"ఏం బయల్దేరను తల్లీ! కారు స్టార్ట్ అవ్వట్లేదు."

ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడిందట. తన ఎత్తుకు తానే రెండో దారి పెట్టుకోలేదు! అలేఖ్యకు ఏడుపొక్కటే తక్కువ.

వెనక గరిటె చప్పుడైంది. జనార్ధనరావు భార్య సుభద్ర పెద్ద గిన్నె మీద మూత తీసింది. నిండా పులిహోర.

"ఎప్పుడు చేశారాంటీ?"

"పొద్దున్నే. రెండు చోట్ల చెప్పించాను, నిశ్చింతగా ఉండు అని మీ సర్ అన్నప్పుడల్లా నేను స్టవ్ వెలిగిస్తా."

యోహానా మారు వడ్డించుకుంటూ ఇంత బాగా ఎవరు చేశారని అడిగింది. జనార్ధనరావు భార్యను చూపించి, వంతెన సంగతి తనే చెప్పేశాడు. అది కనిపెట్టింది అలేఖ్యేనని కూడా చెప్పాడు. యోహానా స్పూన్ కింద పెట్టింది. అయితే ఒక లైను నది కిందనుంచే వేయండి, ఈ మాట ముందే ఎందుకు అడగలేదు అంది.

సోమవారం అలేఖ్య కొత్త ప్లాన్ మీద నిశ్చింతగా సంతకం పెట్టింది. నది కిందనుంచి వెళ్ళే లైనుకు అందులో ఆమె పెట్టిన పేరు సుభద్ర.