కమిట్‌కు ముందు

"అక్కా, నా కోడ్ ఒక్కసారి చూసి పెట్టవా?" అంటూ ఆఫీసులో తన దగ్గరికి వచ్చినవాళ్ళెవరినీ ఆమె కాదని పంపలేదు. ఒకరు టెస్టులు నడపడం మరిచిపోతారు, ఇంకొకరు పాస్‌వర్డును కోడ్‌లోనే వదిలేస్తారు. పోనీలే, అందరూ మంచి పిల్లలే కదా అనుకుంటూ అవన్నీ ఏరి సరిచేసేసరికి పొద్దు వాలేది. ఆమె సొంత పని అప్పుడు మొదలయ్యేది.

కొత్త ప్రాజెక్టు తనకే వస్తుందని ఆమె ఆశపడింది. టీమ్ లీడ్ మెత్తగానే చెప్పాడు. "మీరు లేకపోతే మాకు రోజు గడవదండీ. కానీ మీరు సొంతంగా రాసింది చూస్తే తక్కువే ఉంది. ఈసారికి ఇంకెవరికైనా ఇద్దామనుకుంటున్నా."

ఆ మాటలో వెటకారం లేదు. అందుకే మరీ గుచ్చుకుంది. ఊడ్చిన ఇంటిని ఎవరూ చూడరు, ఊడవని రోజే అందరికీ కళ్ళొస్తాయి. అమ్మ బతుకంతా అలాగే గడిచిపోయింది, ఇక తనదీ అంతేనా?

ఆ మధ్యాహ్నం ఎవరు పిలిచినా పలకకుండా కూర్చుని హుక్ అనే చిన్న తనిఖీ ప్రోగ్రాం రాసింది. ఎవరు కమిట్ చేయబోయినా, అంటే రాసిన కోడ్‌ను ఖాయం చేసి భద్రపరచబోయినా, అది వాళ్ళ కంప్యూటర్లోనే ముందుగా నడుస్తుంది. తప్పుంటే కమిట్‌ను ఆపేసి, ఎక్కడుందో చెబుతుంది. దాన్ని అందరి కంప్యూటర్లలోనూ పెట్టించింది.

మర్నాడు మొదట దొరికింది లీడే.

"ఇదేంటండీ, నన్నే ఆపేస్తోంది?"

"పాస్‌వర్డ్ వదిలేశారు. అదే చెబుతోందిగా."

గదంతా గొల్లుమంది. ఆయనా నవ్వేశాడు. "ఇంత చిన్న పని ఇన్నాళ్ళూ ఎందుకు చేయలేదండీ?"

"నేను చేస్తున్నంతకాలం మీకది అసలు పనిగానే కనబడలేదు. ఇప్పుడు నా చేతులు ఖాళీ. ఆ ప్రాజెక్టు ఇంకా ఎవరికీ ఇవ్వలేదుగా?"

ఆయన ఒక్క క్షణం తల గోక్కున్నాడు. "ఇవ్వలేదు. మీరే మొదలుపెట్టండి."

సాయంత్రం ఉతికిన బట్టలు మడతపెడుతూ అత్తగారికి ఇదంతా చెప్పింది. ఆవిడ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. "తప్పు చేసినవాళ్ళ దగ్గరే ఆపేస్తుందా! మా రోజుల్లో లేకపోయిందే, తల్లీ!"

అంతలో గదిలోంచి భర్త గొంతు వినిపించింది. మనసు వెన్నే, కానీ కళ్ళెదుట ఉన్నది కూడా ఆమె చూపిస్తేగానీ కనబడదు.

"ఏమోయ్, ఈ చొక్కాకి గుండీలన్నీ ఉన్నాయో లేదో కాస్త చూస్తావా?"

"నీకు కళ్ళున్నాయిగా, నువ్వే చూసుకోరా!" అంది అత్తగారు.

గదిలో చొక్కా దులిపిన చప్పుడైంది. "అరే, ఒకటి ఊడిపోయిందే! అమ్మా, సూదీ దారం ఎక్కడున్నాయి?"

అలవాటుగా లేవబోయిన అత్తగారి చేతిని ఆమె మెల్లగా పట్టుకుంది.

"కూర్చోండత్తయ్యా. వెతుక్కుంటారు."