తొంభై మాటల ఓడ

ఎలియాజర్ మొద్దు పుల్లతో చివరి అక్షరాన్ని రుద్ది, అక్షరాల రేకును మెల్లగా లాగాడు. అక్షరం బోర్డుకు అంటుకుంది. సిడ్నీ రేవు పక్కనున్న ఆ చిన్న నౌకా ప్రదర్శనశాలలో పద్నాలుగేళ్లుగా అతని పని ఇదే. తుప్పు పట్టిన లంగర్ల కింద, ఓడ బొమ్మల కింద ఇంగ్లీషు వాక్యాలు అంటించడం. మధ్యాహ్నానికి బోర్డుకు అద్దం బిగించాడు.

ఈ బోర్డు లాంబెంట్ అనే ఇంగ్లీషు యుద్ధనౌకది. ఇరవై ఎనిమిది ఫిరంగులు. 1821లో నీళ్లలోకి దిగింది. బర్మా యుద్ధం నుంచి వస్తూ తుపానులో తెరచాప కొయ్య విరిగితే కోరంగిలో బాగుచేయించుకుంది. 1827లో సిడ్నీకి సైనికుల్ని మోసుకొచ్చింది. ముసలిదయ్యాక ఇదే రేవులో బొగ్గు గోదాముగా తేలి, చివరికి వంటచెరకైపోయింది. నలభై ఏళ్ల కొలువును తొంభై మాటల్లో సర్దమన్నాడు అధికారి మార్క్. పది మాటలు ఎక్కువయ్యాయి.

ఏవి తీసెయ్యాలో మార్క్ చెప్పలేదు. గవర్నర్ కెప్టెన్‌కిచ్చిన విందును తీసేసినా సరిపోయేది. ఎలియాజర్ మాత్రం వడ్రంగి పోలయ్యను తీసేశాడు. కొయ్య బాగుచేసి ఓడతోనే వచ్చిన ఆ కోరంగి మనిషి, సిడ్నీ రెండు రోజుల దూరంలో ఉందనగా జ్వరంతో పోయాడు. సముద్రంలో దించేశారు. ఓడ దినచర్య పుస్తకంలో ఆ ఒక్క వాక్యం కోసం రిటైరైన డాక్టరు ద్వారకానాథ్, చూపు తగ్గిపోతున్నా, ఏడు నెలలు భూతద్దం పట్టుకు కూర్చున్నాడు. ఎలియాజర్‌ది కోరంగి పక్కనున్న కాకినాడ. తన ప్రాంతంవాణ్ణి దూర్చాడని నలుగురూ అనుకుంటారేమోనని వెనకాడాడు. ఎవరూ ఏమీ అనలేదు, అనకముందే జడిశాడు. పదవే లేని మనిషికి పక్షపాతమంటగట్టేదెవరో అతనికే తెలియదు.

మూడింటికి ద్వారకానాథ్ వచ్చాడు.

"ఏమోయ్ ఎలియాజర్, మన పోలయ్య బోర్డెక్కాడా? కంటి ఆపరేషన్ నెక్స్ట్ వీక్. నాకంతా మసకే. నువ్వే చదివి పెట్టు."

ఎలియాజర్ చదివాడు. విందు దగ్గరికొచ్చేసరికి దాన్ని మింగేసి, బోర్డు మీద లేని పోలయ్య వాక్యాన్ని అప్పజెప్పాడు.

"ఏదీ, ఎక్కడ?"

ఆయన వేలు పట్టుకుని విందు వాక్యం మీద ఆనించాడు. ముసలాయన ఆ చోటును వేలితో గట్టిగా నొక్కాడు.

"గుడ్ జాబ్ అబ్బాయ్. నూటఅరవై ఏళ్లకి సిడ్నీ చేరాడు పాపం" అని ఇంటికి, మాన్లీ వెళ్లే ఫెర్రీ పడవకి టైమైందంటూ వెళ్లిపోయాడు.

ఆపరేషన్ అయ్యేలోగా బోర్డు మార్చేస్తే సరి, అనుకున్నాడు ఎలియాజర్.

ప్రదర్శనశాల మూసేవేళకు డాక్టరు గారి కూతురు జయశ్రీ ఫోన్ చేసింది.

"అంకుల్, డాడీ ఫెర్రీలోనే పోయారు... నిద్రపోతున్నారని అందరూ అనుకున్నారట. హార్ట్ అంటున్నారు." మళ్లీ తనే అడిగింది. "మీ దగ్గరికే కదా వచ్చారు, హ్యాపీగానే ఉన్నారా అంకుల్?"

"చాలా హ్యాపీగా ఉన్నారమ్మా" అన్నాడు ఎలియాజర్. అది నిజం. అందుకే ఫోన్ పెట్టేశాక కూర్చోలేకపోయాడు.

అక్షరాల రేకులు తీసుకుని బోర్డు దగ్గరికెళ్లాడు. పోలయ్యను ఇప్పుడైనా ఎక్కించవచ్చు, మార్క్ కాదనడు. మరలు విప్పబోయి ఆగిపోయాడు. గవర్నర్ గారి విందు మీద, అద్దానికి, ఒక వేలిముద్ర ఉంది.