జడ్సన్‌కు పట్టిన భయం

కన్నబిడ్డను చూసి తల్లి భయపడటం ఎక్కడైనా ఉంటుందా అంటే, ఉంటుంది. కరుణాకుమారిని అడగండి. ఇందుకూరుపేట మండలంలో, రొయ్యల గుంటల పక్కన ఉన్న ఆ రెండు గదుల ఇంట్లో, ఆమె పొయ్యి ముందు కూర్చుని కూడా వెనక్కి తిరిగి తిరిగి చూసుకునేది. వెనక ఉండేది దొంగా కాదు, పామూ కాదు. పదకొండేళ్ల కొడుకు జడ్సన్.

ఆ పొద్దున స్నానానికని ఫేబీ బకెట్ నిండా నీళ్లు పట్టుకుందో లేదో, వాడు ఎక్కణ్ణుంచి వచ్చాడో వచ్చి, అక్క జడ పట్టుకుని వెనక్కి లాగేశాడు. ఫేబీ పదిహేడేళ్ల పిల్ల, బక్కమనిషి. ఆ విసురుకు గడప మీద పడి నుదురు చిట్లింది. జడ్సన్ బకెట్‌ను తన్ని నీళ్లన్నీ పారబోసి, తన తలను గోడకేసి బాదుకోవడం మొదలుపెట్టాడు. కరుణాకుమారికి పై ప్రాణాలు పైనే పోయాయి. రక్తం కారుతున్న కూతుర్ని పట్టుకోవాలా, తల పగలగొట్టుకుంటున్న కొడుకును పట్టుకోవాలా? కాళ్లూ చేతులూ ఆడక మధ్యలో నిలబడిపోయింది.

చెప్పొద్దూ, ఈ వేసవి దాకా అంత మెత్తటి పిల్లాడు ఆ చుట్టుపక్కల లేడు. బుద్ధి ఎదగలేదు, ఆ మాట నిజమే. మూడేళ్ల పిల్లాడికి వచ్చే మాటలే వాడికీ వచ్చు. చొక్కా గుండీలు పెట్టుకోలేడు, అన్నం ఒలకబోసుకుంటాడు. అయితేనేం, గుంట గట్టు మీద కొంగ వాలితే చప్పట్లు కొట్టేవాడు. అక్క ఎక్కడుంటే అక్కడే. అలాంటివాడు నిద్ర మానేశాడు. పక్క తడుపుతున్నాడు. ఒంటి మీద చెంబెడు నీళ్లు పడనివ్వడం లేదు. అక్క కుళాయి దగ్గరికి వెళ్లిందంటే చాలు, మీదపడి కరుస్తున్నాడు.

చర్చి సంఘంలో రెబెక్కమ్మ అని ఒక పెద్దావిడ ఉంది. అడక్కుండా సలహా ఇవ్వడం ఆవిడకు వెన్నతో పెట్టిన విద్య. ఫేబీ నుదుటి కట్టు చూసి వచ్చి కూర్చుంది.

"ఎప్పట్నించి ఇట్టా ఉండాడు?"

"మైపాడు సముద్రంలో పాపకు బాప్తిస్మం ఇచ్చినారు గదక్కా. ఆ పొద్దు నించే" అంది కరుణాకుమారి.

"ఇంకేముందమ్మా మరి. అక్కను వదిలిన దయ్యం తమ్ముణ్ణి పట్టుకునింది. నీళ్లంటే ఎగిరెగిరి పడతా ఉండాడు, చూస్తా ఉండావు గదా. భయం వాడిది కాదు, లోపల ఉండేదానిది. అదే నీళ్లలో ముంచి ప్రార్థన చేస్తే పోతాది."

ఆవిడ నోటికి హద్దేముంది, అనేసి పోయింది. కానీ ఆ మాట విన్నది జడ్సన్ నాన్న క్రీస్తుదాసు. రొయ్యల గుంటకు కాపలా ఉండే మనిషి, కోపం ముక్కు మీదే ఉంటుంది. కొడుకును కిటికీ ఊచకు కట్టేయడం అప్పటికే అలవాటు చేసుకున్నాడు. కట్టు విప్పుకుంటే బెల్టు తీసేవాడు. దయ్యాన్ని కొడుతున్నాననే అనుకున్నాడు పాపం, తగిలేది పిల్లాడికి.

కరుణాకుమారి మొగుడికి చెప్పకుండా కొడుకును రేవతి టీచర్ దగ్గరికి తీసుకెళ్లింది. ఇలాంటి పిల్లలకు చదువు చెప్పే టీచర్ ఆమె. జడ్సన్ మణికట్టు మీద తాడు ఒరుసుకున్న గుర్తులు చూసి, ఆ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"బుద్ధి ఎదగనోళ్లకు మనసు ఉండదనుకోబాకండక్కా" అంది. "దిగులు జబ్బు, భయం జబ్బు వీళ్లకూ వస్తాయి. మనకంటే ఎక్కువగానే వస్తాయి. మనం నోరు తెరిచి చెప్పుకుంటాం, వీళ్లు చెప్పుకోలేరు. అందుకే కరుస్తారు, కొడతారు, తల బాదుకుంటారు. చూసేవాళ్లు పిచ్చి ముదిరిందనుకుంటారు. వీడు దేన్నో చూసి జడుసుకున్నాడు. ఏం చూసినాడో గుర్తు తెచ్చుకోండి. నెల్లూరులో పిల్లల మనసు డాక్టర్లు ఉండారు, నేను వెంట వస్తాను."

దారి పొడుగునా కరుణాకుమారి బుర్ర బద్దలు కొట్టుకుంది. కుక్క తరిమిందా? ఎవరైనా కొట్టారా? గుంటలో జారిపడ్డాడా? ఆ రోజు నించే అని తనే చెప్పినా, బాప్తిస్మమే కారణమని మాత్రం తట్టలేదు. తెల్ల చుడీదార్, పాటలు, చప్పట్లు, ఇంటికొచ్చాక బిర్యానీ. ఆ ఇంట్లో అంతకంటే సంతోషమైన రోజు లేదు. భయం కోసం వెతికే మనిషి పండగలో ఎందుకు వెతుకుతుంది?

డాక్టరనే మాటెత్తగానే క్రీస్తుదాసు ఒంటికాలి మీద లేచాడు. "ముందు ప్రార్థన. ఆదివారం పాస్టరయ్యగారు సముద్రం దగ్గరికి వస్తా ఉండాడు. తగ్గకపోతే అప్పుడు చూద్దాంలే."

"నీళ్లంటేనే జడుసుకుంటా ఉండాడయ్యా. అలల్లో గింజుకున్నాడంటే ఊపిరాడక పోతాడు."

"నలుగురం పట్టుకుంటాం గదా."

ఆ నలుగురు పట్టుకోవడమే ఆమె భయం. అయినా వద్దని గట్టిగా అనలేకపోయింది. ఏమో, తగ్గుతుందేమోనన్న ఆశ కూడా ఉంది. ఆశా భయమూ కలిసి మనిషిని ఎంత పిరికిదాన్ని చేస్తాయో ఆమెకు ఆ వారంలో తెలిసొచ్చింది.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆటోలో మైపాడు చేరారు. పాస్టరు కిషోర్ బాబు అయ్యగారు నడుము లోతు నీళ్లలో నిలబడ్డాడు. ఆయనకు అటూ ఇటూ సంఘం మనుషులు ఇద్దరు. ఆయన ముఖంలోనూ కాస్త జంకు ఉంది, కాదనలేం. ఒడ్డున రెబెక్కమ్మ పాట అందుకుంది. జడ్సన్ రెండు చేతులతో ఫేబీ చున్నీ పట్టుకుని ఇసకలో కూలబడిపోయాడు. క్రీస్తుదాసు లాగబోతే ఫేబీ ఆపింది.

"నువ్వుండు నాన్నా. నేను ముందు దిగితే వాడే వస్తాడు" అని, చున్నీ విడిపించుకుని నీళ్లలోకి నాలుగడుగులు వేసింది.

జడ్సన్ అరిచిన అరుపుకు రెబెక్కమ్మ పాట ఆగిపోయింది. పరుగున వెళ్లి అక్కను నడుం పట్టుకుని ఒడ్డుకు ఈడ్చాడు. ఇసక మీద పడేసి, ఎవరూ ముట్టుకోకుండా పైన పడుకున్నాడు. తర్వాత ఏమనుకున్నాడో, లేచాడు. పాస్టరు వైపు తిరిగాడు. ఒళ్లంతా గజగజా వణుకుతోంది. నిక్కరు తడిసి కాళ్ల మీదుగా కారుతోంది.

"అక్కను చంపబాక" అన్నాడు. "జడ్సన్. జడ్సన్‌ను."

అని, నీళ్లలోకి నడిచాడు.

అప్పుడు అర్థమైంది కరుణాకుమారికి. ఆ రోజు అయ్యగారు ఫేబీ ముఖం మీద ఒక చెయ్యి, వీపు కింద ఒక చెయ్యి వేసి వెల్లకిలా నీళ్లలో ముంచాడు. అప్పుడే అల వచ్చి పిల్లను కప్పేసింది. తమకది కొత్త జన్మ. వాడికి? ఒక మనిషి తన అక్కను నీళ్లలో ముంచేస్తుంటే, అమ్మా నాన్నా ఊరంతా చప్పట్లు కొట్టారు. వాడు అరిచాడు కూడా. ప్రార్థన పాడవుతుందని తనే వాడి నోరు గట్టిగా నొక్కింది. ఇన్నాళ్లూ వాడు అక్కను కరవలేదు, కాపలా కాశాడు. ఇప్పుడు అక్కకు బదులు చావడానికి వెళుతున్నాడు.

"అయ్యగారూ, ముట్టుకోబాకండి" అని కేకేస్తూ చీర తడుస్తున్నా చూసుకోకుండా నీళ్లలోకి ఉరికింది. కిషోర్ బాబు చాచిన చేతులు దించేశాడు. వాడన్న మాట ఆయనా విన్నాడు. ఇక ఒక్క వాక్యం కూడా ప్రార్థించలేదు.

కొడుకును ఎత్తుకొచ్చి ఇసకలో ఒళ్లో కూర్చోబెట్టుకుంది. ఎదురుగా ఫేబీని కూర్చోబెట్టింది. "అక్కను చంపలేదురా నాయనా. ముంచి లేపినారు. చూడు, అక్క ఉండాది." వాడు అక్క ముఖం తడిమాడు, ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూశాడు. నమ్మాడో లేదో ఎవరికి తెలుసు, వణుకు మాత్రం తగ్గలేదు. రేపే నెల్లూరు తీసుకెళతానంది ఆమె, ఎవరి అనుమతీ అడగకుండా.

ఎవరూ వాణ్ణి ఎప్పుడూ అడగని మాట అప్పుడు అడిగింది. "ఇంకా దేనికి భయంరా నీకు? అమ్మకు చెప్పు."

వాడు సముద్రం వైపు చూస్తూ ఆలోచించాడు. "మైకు" అన్నాడు. కాస్సేపటికి "చీకటి" అన్నాడు. క్రీస్తుదాసు వచ్చి వాడి ముందు మోకాళ్ల మీద కూర్చుని, తల నిమరబోయి చెయ్యి చాచాడు. జడ్సన్ తల వంచేసుకున్నాడు.

"నాన్న" అన్నాడు.

ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. కరుణాకుమారి కొడుకును ఇంకా దగ్గరికి పొదువుకుంది. నాన్న కాకపోతే నేను లేనా అనబోయింది.

"అమ్మ చెయ్యి" అన్నాడు జడ్సన్, తన నోటి మీద అరచెయ్యి అడ్డం పెట్టుకుని చూపిస్తూ.

ఆ చేత్తోనే ఆమె వాణ్ణి పట్టుకుని ఉంది. తీస్తే వాడేమనుకుంటాడో, ఉంచితే ఏమనుకుంటాడో తెలియక, అలాగే భయపడుతూ కూర్చుంది.