చప్పుడు లేని కంప్యూటర్

గురజాల కోర్టు ఎదురుగా నాదొక అర్జీల టైపింగ్ కొట్టు. కొట్టంటే ఒక బల్ల, కంప్యూటర్, ప్రింటర్, వాటి వెనక నేను. బయట అరుగు మీద పనిలేని మగవాళ్లు ఎప్పుడూ నలుగురైదుగురు ఉంటారు.

వేసవిలో మాచవరం నుంచి ఉష అనే పిల్ల వచ్చింది. ఏదో చెప్పింది. నా పాత కంప్యూటర్ లోపలి ఫ్యాన్ కారం మిల్లులా మోగుతోంది. గట్టిగా చెప్పమన్నాను. మళ్లీ గొణిగింది.

"వినపడట్లా, గట్టిగా చెప్పు!"

అరుగు మీది తలలన్నీ ఇటు తిరిగాయి. "ఏం లేదులే నజీమా పిన్నీ" అంటూ లేచి వెళ్లిపోయింది. ఆమె మణికట్టు కమిలి ఉండటం మాత్రం చూశాను.

వారం రోజులు నాకు అన్నం సహించలేదు. ఇరవయ్యేళ్లుగా ఊళ్లోవాళ్ల కష్టాలు విని టైపు చేయడమే నా బతుకు. ఇంటికెళితే పలకరించే దిక్కు లేదు. ఆ వినడం కూడా పోతే ఇంక నేనెందుకు? తప్పంతా కంప్యూటర్ మీద వేసి నరసరావుపేట బస్సెక్కాను.

అక్కడి కంప్యూటర్ల కొట్టు అబ్బాయి అఖిల్ పెద్ద మిషన్ ఒకటి చూపించాడు. "దీంట్లో గేమ్స్ కూడా ఆడుకోవచ్చక్కా."

"నా మొహానికి అదొక్కటే తక్కువ. చప్పుడు చేయంది ఇయ్యి."

"అట్టయితే ముప్పై ఐదు వాట్ల ప్రాసెసర్ తీసుకో. కరెంటు చానా తక్కువ, వేడెక్కదు. ఫ్యానే అక్కర్లా, వేడి లాగేదానికి ఈ అల్యూమినియం దిమ్మ చాలు. కాకపోతే కాస్త నిదానం."

"నా వేళ్లకంటే నిదానమా ఏంది?"

తేడా వినమని పక్కనే ఫ్యాన్ ఉన్న అరవై ఐదు వాట్లది కూడా ఆన్ చేశాడు. అది గుయ్యిమంటోందట. నాకు రెండూ ఒకటే. అమ్ముకునేవాడి మాటలు ఇట్లాగే ఉంటాయనుకుని, ఫ్యాన్ లేనిదే కొన్నాను.

మాచవరం ఆటో నడిపే యాకూబ్‌తో ఉషకు కబురు పెట్టాను. ఇరవై రోజులకు వచ్చింది. తలుపు దగ్గరగా వేసి, సీలింగ్ ఫ్యాన్ కూడా ఆపేశాను.

"ఇప్పుడు చెప్పమ్మా. మెల్లగానే చెప్పు."

ఆమె పెదాలు కదిలాయి. కంప్యూటర్ చప్పుడు లేదు. ఫ్యాన్ చప్పుడు లేదు. ఉష మాట కూడా లేదు.

అఖిల్ నిజమే చెప్పాడు, ఆ గుయ్యిమనడం వినపడంది నా చెవులకే. పాపం, ఆ పాత కంప్యూటర్‌ను ఊరికే తిట్టుకున్నాను. నాకు ఏడుపొచ్చింది. 'గట్టిగా' అన్న మాట నోటిదాకా వస్తే మింగేసి, బల్ల ఇవతలికి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాను. తల మీది కొంగు తీసి, చెవి ఆమె నోటి దగ్గర పెట్టాను.

"ఇక్కడ చెప్పు తల్లీ. నాకు చెముడొచ్చింది."

ఉష నా చెవి చుట్టూ చెయ్యి అడ్డం పెట్టి చెప్పడం మొదలుపెట్టింది. ఆమె ఊపిరి వెచ్చగా తగులుతోంది. మా అమ్మ పోయాక ఇంత దగ్గరకు వచ్చి నాతో మాట్లాడినవాళ్లు లేరు.

"వినపడతందా పిన్నీ?"

తలూపాను. ఆమె చెప్పడం అయిపోయింది. ఇక లేచి టైపు చేయాలి. నాకే అక్కణ్నుంచి చెవి తీయబుద్ధి కాలేదు.