పైకి పెట్టు

1951 వేసవిలో బుడాపెస్ట్ కోర్టులో విల్మోష్ మామ మీద విచారణ మొదలైంది. తను పనిచేసే స్టూడియోలోని ఫిల్ము గిడ్డంగికి కావాలనే నిప్పంటించాడని నేరం మోపారు. ఎండ ముదిరితే ఆ ఫిల్ము దానంతటదే అంటుకుంటుందని స్టూడియోలో అందరికీ తెలుసు. ఎవరూ నోరు విప్పలేదు, అక్కడే కెమెరామన్‌గా ఉన్న మేనల్లుడు యెనోతో సహా.

విచారణను వార్తాచిత్రంగా తీసే పని యెనో మీదే పడింది. అతనికి కెమెరా నేర్పింది విల్మోష్ మామే. లైట్లు మోస్తూ చేతులు ఖాళీ లేని మామ, గడ్డం రెండుసార్లు పైకి ఎగరేసేవాడు. కెమెరా ఇంకా పైకి పెట్టమని దానర్థం.

తీర్పు కోర్టులో పుట్టదని యెనోకు తెలుసు. ఆ రీళ్లు చూసి, ఉరా, జైలా అన్నది పార్టీ ఆఫీసులో తేలుస్తారు.

విచారణకు ముందు ఇల్కా అత్త అతని చేయి పట్టుకుంది. భర్తను విడుదల చేయమని ఎవరినీ అడగదట, ఆ ఆశ లేదట. ఒక్కటే కోరింది.

"ఊరంతా సినిమాహాల్లో చూస్తుందిరా. మీ మామను పురుగులా చూపించకు."

పొద్దున పూట, పైవాళ్ల ఆదేశం ప్రకారం బాల్కనీలోంచి తీశాడు. అక్కడినుంచి చూస్తే బట్టతల, కుంగిన భుజాలు. బెల్టు లాగేసుకున్నారు కాబట్టి జారిపోతున్న ప్యాంటును మామ రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. జడ్జీని బతిమాలాడు, ఏడ్చాడు. అచ్చం పురుగే.

భోజన విరామంలో యెనో ఆ రీలు డబ్బా మూత తీసి ఎండకు చూపించాడు. అంతే, పొద్దుటి ఏడుపు మాసిపోయింది.

మధ్యాహ్నం కెమెరాను నేలకు దించి మోకాళ్ల మీద కూర్చున్నాడు. గని కార్మికుల్లో వీరులని పేరు తెచ్చుకున్నవాళ్లను అలాగే తీసేవారు, కొండల్లా కనబడాలని. జారే ప్యాంటు, దాన్ని పట్టుకున్న చేతులు ఫ్రేములోకి రాకుండా ఛాతీ దగ్గరే కోసేశాడు. మామ కెమెరా వైపు చూశాడు. గడ్డం ఎగరేశాడు, రెండుసార్లు. ధైర్యం వచ్చిందనుకుని యెనో మురిసిపోయాడు.

రెండు రోజుల తర్వాత పార్టీ ఆఫీసులో తెర మీద ఆ ముఖం లేచింది. పక్క కుర్చీలో, తీర్పు తేల్చాల్సిన కామ్రేడ్ హెగ్యేషి సిగరెట్ ముట్టించడం మరిచిపోయాడు.

"చూడు వాడి పొగరు. జడ్జీకే గడ్డం ఎగరేస్తున్నాడు."

యెనోకు అప్పుడు తట్టింది. చేతులు ఖాళీ లేవు మామకు.

"మొన్న పొద్దున ముసలాడు ఏడ్చాడటగా," అన్నాడు హెగ్యేషి. "అది వెయ్యి. ముసలాళ్లకు ఉరి రాయడం నాకేం సరదా కాదయ్యా. జాలిపడడానికి ఏదో ఒకటి కనబడాలి కదా."

"వెలుగు తగిలి పాడైంది, కామ్రేడ్."

"అయ్యో. అదే పనికొచ్చే ముక్క." హెగ్యేషి నిజంగానే నొచ్చుకున్నట్టున్నాడు. "సరే, ఉన్నదే ఇంకోసారి వెయ్యి."

యంత్రం మళ్లీ తిరిగింది. తెర నిండా విల్మోష్ మామ. గడ్డం లేచింది, దిగింది, మళ్లీ లేచింది. పైకి పెట్టరా, పైకి.